నవారు పట్టీలు

కారంపూడి మలుపులో జీపు ఒరిగిన రోజున, తలుపు లేని వైపు కూర్చున్న బ్రహ్మయ్య ఒక్కడే బయటికి పడి చనిపోయాడు. లోపల మిగిలినవాళ్ళంతా బతికారు. ఆ సంగతి ఆయన భార్య యశోద టీచరు మనసులో ఉండిపోయింది.

ఏడాది తిరిగాక మరిది వెంకట్రామయ్య నరసరావుపేటలో పాత అంబాసిడర్ బేరం చేసి, వారం వాడి చూసుకోమని ఓనరిస్తే తెచ్చి ఇంటిముందు ఆపాడు. వీధి వీధంతా వచ్చి వాలింది. అత్తగారు కొండమ్మ కుండ కొంటున్నట్టు బానెట్‌ను వేళ్ళతో కొట్టి చూసింది.

“ఏమే యశోదా, రేకు చూడవే! గేదె గుద్దినా సొట్టపడదు.”

“రేకు గట్టిదే అత్తయ్యా. లోపలున్న మనల్ని పట్టుకునేదేది?”

“తలుపులున్నయ్ గదా వదినా!” అన్నాడు వెంకట్రామయ్య.

“అవి తెరుచుకుంటే?”

నడుముకు పట్టీలు లేకుండా పిల్లల్ని ఎక్కించనని యశోద తేల్చి చెప్పింది.

“వాళ్ళని కట్టేస్తే కట్టెయ్. నన్నూ కట్టేస్తే స్టీరింగ్ ఎట్టా తిప్పేది?” అని నవ్వాడు మరిది.

సీట్లు కుట్టే నూర్ మొహమ్మద్ వచ్చాడు. “కుడతా టీచరమ్మా. బరువుకు తెగని పట్టీ కావాలి. ఏదీ?”

కొండమ్మ లోపలికి వెళ్ళింది. బ్రహ్మయ్య పోయినప్పటి నుంచి ఆయన నవారు మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వని మనిషి, తనే ముడి విప్పి నవారు లాగింది.

“ఇన్నేళ్ళు నా కొడుకుని మోసింది. పిల్లల్ని ఆపలేదా?”

స్కూల్లో మూలపడ్డ ఎన్.సి.సి. బెల్టుల బకిళ్ళు అడిగి తెచ్చింది యశోద.

ఆదివారం, నూర్ మొహమ్మద్ సీట్లకు కుట్టిన పట్టీలను డ్రైవర్ సీట్లో ఉన్న వెంకట్రామయ్య తప్ప అందరూ బిగించుకున్నారు. ఖాళీ రోడ్డు చూసి వెంకట్రామయ్య “కాసుకోండ్రోయ్!” అని బ్రేకు తొక్కాడు. కొండమ్మ ఒళ్ళో జంతికల డబ్బా ఎగిరి కారంతా చిమ్మింది. మనుషులు మాత్రం సీట్లలోనే ఉన్నారు.

“మళ్ళీ బాబాయ్! మళ్ళీ!”

“తొక్కరా ఒరేయ్! ఈసారి మూత పెడతా!” అంది కొండమ్మ.

“ఇంకాస్త స్పీడుగా,” అంది యశోద.

పిల్లలు ఒకటే కేకలు. వెంకట్రామయ్య మాత్రం స్టీరింగ్ తగిలిన రొమ్ము రుద్దుకుంటున్నాడు.

“చానా గట్టిగా తగిలింది వదినా. నాక్కూడా కుట్టించు.”

మర్నాడే కారు ఖాయం చేసుకున్నారు. నూర్ మొహమ్మద్ తన కూతురి కాన్పుకని మాచర్ల వెళ్ళాడు. డ్రైవర్ సీటుకు ఇంకా పట్టీ కుట్టలేదు.