పదునేడవ మలుపున నాగిన బండ్లు

శరత్కాల ప్రభాతమున తుషారధవళములైన కొండకొమ్ములు మేఘముల నడుమనుండి యొక్కొక్కటిగా తల లెత్తుచుండ కాఫీతోటల మీదుగా వచ్చు చలిగాలి కిటికీలనెల్ల తట్టి పలుకరించుచుండ ఏజెన్సీకి బోవు తొలిబస్సు ఘాటురోడ్డున మూలుగుచు నెక్కుచుండెను. అందు కిటికీప్రక్కను గూర్చుండి ఒడిలోని కాగితములను మాటిమాటికి జూచుకొనుచున్న యువతి పేరు పతివాడ మందాకిని.

విశాఖపట్టణమున నొక సెల్‌ఫోను సంస్థయందు ఆమెకు చిత్రమైన యుద్యోగము గలదు. త్రోవను బోవు వాహనము లెంత వేగమున నొక టవరు పరిధిని విడిచి మఱియొక టవరు పరిధిని జొచ్చునో ముందుగనే గణించి కంప్యూటరునం దొక నమూనా కల్పించుట యామె పని. ఈ ఘాటున పదునేడవ మలుపుకడ నున్న చిన్నటవరు పరిధిలో నే వాహనమును నలువది సెకండ్లకు మించి నిలువదని యామె నమూనా తేల్చెను. దానిని నమ్మి పై యధికారి శేషగిరిరావు ఆ టవరును పెఱికి మైదానమునకు దరలింప నిశ్చయించెను. తొలగింపు పత్రమున మందాకిని సంతకమొక్కటియే కొఱత.

సంతకము చేయబోవుచు నామె లెక్కనుండి త్రోసివేయబడిన వివరములను ఊరక తిరుగవేసెను. అందు నాలుగువేల ఫోనులు ఆ మలుపుననే అయిదాఱు నిమిషములు కదలక నిలిచియుండెను. ఘాటుమలుపున బండి యాగదని తలచి యామెయే వానిని యంత్రదోషము లనుకొని తీసివేసెను. తప్పు తనదే యని యెఱిగి మనసు చివుక్కుమనగా మఱునాడే బస్సెక్కెను.

పదునేడవ మలుపు తిరిగినంతనే బస్సాగెను. అచ్చట పసుపుకుంకుమలు పూసిన శిల యొకటి గలదు. జనులు దానిని మలుపుతల్లి యందురు. డ్రైవరు గెమ్మెలి సన్యాసిరావు దిగి కొబ్బరికాయ కొట్టెను. పిమ్మట నాతడును ప్రయాణికులును ఫోనులు దీసి మలుపు దాటితిమని తమతమ యిండ్లకు దెలిపిరి. ఆ పైని కొండనెక్కువఱకు సిగ్నలు లేదట. ఇది యేమి యాచారమని మందాకిని యడిగెను.

“ఈ మాట ఇనేవరకు మా ఇంటిది పొయ్యిమీద ఎసరెట్టదమ్మా. ఫోను రాలేదంటే బండి లోయలో పడిపోనాదనే అనుకుంతాది” అని సన్యాసిరావు చెప్పెను.

మందాకిని తిరిగివచ్చి తాను జూచినది పై యధికారికి జెప్పి త్రోసివేసిన వివరములన్నియు లెక్కలో జేర్చెను. శేషగిరిరావు మండిపడెను. రాతికి మ్రొక్కుటకై యాగినవాడు ట్రాఫిక్కు కాడనియు వానిని తొలగించి సంతకము చేయనిచో నామె యుద్యోగమును వేఱొకరి కిత్తుననియు బెదరించెను.

“ఉద్యోగం మీ ఇష్టమండి. అక్కడ బండ్లు ఆగుతున్నాయి. ఆగట్లేదని మాత్రం నేను రాయను” అని మందాకిని కలము బల్లపై నుంచెను.

తన కారు ఆగక కొండనెక్కుట నామె కన్నులార జూడవలయునని పంతము పట్టి మఱునాటి యుదయమున శేషగిరిరావు ఆ పత్రముతోడను ఆమెతోడను బయలుదేఱెను. పదునేడవ మలుపు దిరుగగనే పదియేండ్లుగా నాతనికడ బనిచేయుచున్న డ్రైవరు కారును నెమ్మదింపజేసెను. ఆపవలదని యజమాని గట్టిగా గద్దించెను. కారాగెను.

“పనిలోంచి తీసెయ్యండి బాబూ. తల్లికి మొక్కకుండా మాత్రం నేను కదల్ను” అని డ్రైవరు డిక్కీలోనుండి కొబ్బరికాయ దీసికొని దిగెను. వెనుక రెండు లారీలును నొక జీపును హారనైన మ్రోగింపక వరుసగా నాగెను. కాయ కొట్టి డ్రైవరు ఫోను చెవిని బెట్టుకొని “దాటేసేం, ఎసరెట్టీ” అనుట లోపలికి స్పష్టముగా వినబడెను. మందాకిని గడియారము జూచెను. ఆఱు నిమిషములు గడచినవి.

శేషగిరిరావు తొలగింపు పత్రమును మడిచి జేబునం దుంచుకొనెను. ఆమె ఆగిన వాహనముల పట్టికను దెఱచి చిట్టచివర నాతని కారు నంబరును వ్రాసి దాని క్రింద నిండుగా సంతకము చేసెను.