వేడి చేసింది

పొద్దున లేవగానే రూతు చేసే మొదటి పని సబ్జా గింజలు నానబెట్టడం. తెల్లబట్టయినా, పొత్తికడుపులో పోటయినా అత్తమ్మది ఒకటే తీర్పు: "ఏడి జేసిందే, సబ్జా తాగు." నాచారంలో రూతుతో పాటు కుట్టు మిషన్ల ముందు పొద్దస్తమానం కూర్చునే ఆడవాళ్లందరికీ అదే జబ్బు, అదే మందు. అంత వేడికి ఒక్క పిల్లనైనా పొదగలేదేమని వాడకట్టంతా అడిగేది మాత్రం రూతునే.

జ్వరం కూడా తగిలాక, పనికి సెలవు పెట్టి ఉప్పల్‌లో డాక్టరమ్మకు చూపించుకుంది. పరీక్షలన్నీ అయ్యాక ఇవాళ డాక్టరమ్మ తలుపు దగ్గరకు వేయించి చెప్పింది.

"వేడి కాదమ్మా. క్లమీడియా అని, కలయికతో అంటుకునే బ్యాక్టీరియా. ఆడవాళ్లల్ల ఏండ్ల తరబడి చప్పుడు చెయ్యకుండ ఉంటది. నీ గర్భసంచి ట్యూబులు రెండూ మూసుకపోయినయ్. మందులకు జబ్బు తగ్గుతది గానీ ట్యూబులు తెరుచుకోవు. మీ ఆయన కూడా వాడాలె."

శాంసన్ తప్ప మరో మగవాడి చెయ్యి ఎరగని రూతు, ఇంటికొచ్చేదాకా ఆయన కోసమే సాకులు వెతికింది. పాపం, ఆయనకూ తెలియదేమో, చెబితే మనసు కష్టపెట్టుకుంటాడేమో. కొంప మునిగినా ఆడదానికి ముందు గుర్తొచ్చేది మొగుడి మనసే!

చిల్కానగర్ ఇంట్లో శాంసన్ మాత్రల అట్ట తిప్పి చూశాడు.

"ఇవా? నేనప్పుడే వాడిన."

"ఎప్పుడు?"

"పెండ్లయిన కొత్తల. మూత్రంల జర మంటుండె. మెడికల్ షాపాయన ఇచ్చిండు, తగ్గింది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకేం లేకుండె గదా!"

అబద్ధం కాదు. అప్పుడామెకు నిజంగానే ఏమీ తెలియలేదు. ఆయన తగ్గించుకుని హాయిగా తిరుగుతుంటే, ఆమె శుక్రవారాలు ఉపవాసముండి కడుపు పండించమని ప్రభువును వేడుకుంది. ఏం పాపం చేశానో క్షమించమని కూడా అడిగింది. అది తలచుకుంటే ఏడుపు రాలేదు, రోత పుట్టింది.

"డాక్టరమ్మ ఏమన్నదే?" వంటింట్లోంచి వస్తూ అత్తమ్మ అడిగింది. చెప్పొద్దని శాంసన్ కళ్లతోనే సైగ చేశాడు.

"నాకిగ పిల్లలు కారంట అత్తమ్మా. ఎందుకో నీ కొడుకునే అడుగు."

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమెకు అంతా అర్థమైంది.

"వానికి ఆకలైతుండొచ్చు, అన్నం వెట్టు," అంది.

రూతు లేవలేదు. అత్తమ్మే వడ్డించింది.