కొస ఎటువైపు

మా ఊళ్లో మనుషులకి కోపం వస్తే "ఫరవాలేదండీ" అంటారు. మరీ పట్టలేనంత కోపం వస్తే "అవునా, ఇదేదో కొత్తగా ఉందే" అని కాఫీ కప్పులోకి చూస్తారు. నేను షికాగోలో పుట్టి పెరిగినదాన్ని, పైగా క్యాథలిక్కుని. నాకు కోపమొస్తే అరుస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఈ మినెసోటా లూథరన్ల చర్చి ఊడుస్తూ, తుడుస్తూ, మొండికేసిన బాయిలరుని తిట్టి వెలిగిస్తూ బతుకుతున్నా నోరు మూసుకునే విద్య మాత్రం నాకు అబ్బలేదు.

రోడ్డుకి ఇటువైపు నార్వే వాళ్ల చర్చి. అంటే మాది. అటువైపు స్వీడన్ వాళ్లది. తాతల కాలం నుంచీ అవే ప్రార్థనలు, అవే పాటలు, వేరువేరు తలుపులు. పోయినేడు మంచు బరువుకి వాళ్ల పైకప్పు కుంగింది. మాకు పైకప్పు ఉందిగాని కింద కూర్చునే జనం లేరు. సరే, ఓ ఏడాది అందరూ మా చర్చిలోనే కలిసి ఉండి చూద్దాం, జనవరి సమావేశంలో ఓటు పెడదాం అనుకున్నారు. మూడింట రెండు వంతుల చేతులు లేస్తే ఒకే చర్చి. లేవకపోతే రెండిటికీ తాళం.

తాళం పడితే నా పని పోతుంది, నిజమే. నా బాధ అది కాదు. మా ఆయన పోయిన చలికాలమంతా తెల్లారేసరికి నా గుమ్మం ముందు మంచు పక్కకి ఎత్తిపోసి దారి చేసి ఉండేది. ఎవరు చేశారో ఇవాళ్టికీ ఒక్కరూ ఒప్పుకోరు. అలాంటి మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతే నేను ఎవరి మధ్య బతకాలి?

ఇంతకీ గొడవ మొదలైంది కింది హాలు పక్కనున్న ఆడవాళ్ల బాత్రూంలో. టాయిలెట్ పేపరు దగ్గర.

మా నార్వే వాళ్లు పేపరు కొస ముందుకి వేలాడేలా తగిలిస్తారు. స్వీడన్ వాళ్లు కొస గోడవైపు ఉండేలా తగిలిస్తారు. నాకైతే ఎటున్నా ఒకటే, చేతికి అందితే చాలు. కానీ ఆ ఏడాది ప్రతి ఆదివారం ఒకటే వింత. పొద్దున నేను కొస ముందుకి పెట్టి వెళ్తానా, ఆరాధన అయ్యేసరికి అది గోడవైపు తిరిగి ఉండేది. కాఫీల వేళకి మళ్లీ ముందుకి. గిన్నెలు కడిగేటప్పటికి మళ్లీ గోడవైపు. వాడకం కన్నా తిప్పడంలోనే ఆ పేపరు ఎక్కువ నలిగిపోయింది.

'ఓహో, యుద్ధం మొదలైందన్నమాట' అనుకున్నాను. లూథరన్ల యుద్ధం ఇలాగే ఉంటుంది మరి, చప్పుడు చెయ్యదు.

మా వంటగది పెత్తనం ఆర్లిస్ టోర్గర్సన్‌ది. ఆవిణ్ణి పక్కకి పిలిచి సంగతి చెప్పాను. మొహం కందగడ్డలా అయింది.

"మావాళ్ల పనే అయుంటుంది వాండా. తల కొట్టేసినట్టుంది నాకు."

అటువైపు పెద్దావిడ ఐనెజ్ లిండ్‌క్విస్ట్‌. ఆవిడకీ చెప్పాను.

"అయ్యో, ఇంకెవరు, మావాళ్లే!" అని చేతిలో ఉన్న పళ్లెం బల్ల మీద పెట్టేసి కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఇద్దరూ మర్యాదకి అంటున్నారనుకుని ఊరుకున్నాను. నాదే బుద్ధి తక్కువ.

సమావేశం రోజున కింది హాలు నిండిపోయింది. మాంసం, కూరలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్‌లు తిన్నారు, తీపి ముక్కలు తిన్నారు, నీళ్లలాంటి కాఫీ మూడేసి కప్పులు తాగారు. కుర్ర పాస్టరు కర్టిస్ ఇక ఓటు పెడదామని లేచాడు. అంతలో ఆర్లిస్ లేచింది.

"ఒక్క మాటండీ. మేం ఇంటికి పిలిచి అవమానించినవాళ్లం. ఐనెజ్ గారి వాళ్లకి అలవాటైన పద్ధతి ఒక్క గంట కూడా బతకనివ్వలేదు మావాళ్లు. ఇలాంటివాళ్లతో వాళ్లని ముడిపెట్టడం అన్యాయం. కలవొద్దనే నా మనవి."

కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. వెంటనే ఐనెజ్ లేచింది.

"అలా అనకండి ఆర్లిస్ గారూ, తప్పంతా మాది. ఒకరి ఇంటికొచ్చి వాళ్ల పద్ధతి మార్చేసే మనుషులం మేం. మీకీ తలనొప్పి ఎందుకు? మేమే వెళ్లిపోతాం."

"ఫరవాలేదండీ, మాదే తప్పు."

"ఫరవాలేదండీ, మాదే."

హాలంతా తలలు దించుకుంది. ఏ పద్ధతో, ఏ తప్పో ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. మర్యాదల్లో పడి నా చర్చికి నా కళ్లముందే తాళం వేసేస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో కాఫీ కెటిల్ బల్ల మీద ధనామని పెట్టాను.

"టాయిలెట్ పేపరు!" అని అరిచాను. "అనండి ఆ మాట, నోరు పడిపోదు! ఇవాళ బాత్రూంలో దాన్ని తిప్పిందెవరు? చేతులెత్తండి. ఎత్తేదాకా ఒక్కరినీ మెట్లెక్కనివ్వను!"

నేను ఓటు హక్కు లేని క్యాథలిక్కునని పాస్టరు గుర్తుచెయ్యబోయి నా మొహం చూసి మానుకున్నాడు.

ముందుగా ఆర్లిస్ చెయ్యి లేచింది.

"నేనే. గోడవైపు తిప్పాను. ఐనెజ్ గారి వాళ్లకి సొంత ఇంట్లో ఉన్నట్టుంటుందని. ప్రతివారం తిప్పుతున్నాను. మావాళ్లెవరో మళ్లీ ముందుకి పెట్టేస్తున్నారు."

దాంతో ఐనెజ్ చెయ్యీ లేచింది.

"ముందుకి పెడుతున్నది నేనండీ! మావాళ్లు తిప్పేసి మీ ఇంటి పద్ధతి పాడుచేస్తున్నారని, మీరు చూడకముందే సరిచేసేదాన్ని."

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది, పక్కన మరోటి. మగవాళ్ల బాత్రూంలోనూ ఇదే నాటకమట, ముసలి ఓబెర్ట్ కూడా చెయ్యెత్తాడు. చూస్తుండగా హాలు నిండా చేతులే. ఏడాదిగా అవతలివాళ్ల కోసం తిప్పడం, సొంతవాళ్లని తిట్టుకోవడం!

"చేతులు అలాగే ఉంచండి!" అని పాస్టరు కర్టిస్ కుర్చీ ఎక్కాడు. "రెండు చర్చిలూ కలవొద్దనేవాళ్లు మాత్రమే దించండి."

ఓబెర్ట్ దించాడు. అందరూ అటు తిరిగారు.

"భుజం నొప్పయ్యా!" అని రెండో చెయ్యి ఎత్తాడు.

అలా గెలిచాం. కాని నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. ఇంత మర్యాదస్తులు కలిసి ఎన్నాళ్లుంటారు? చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎప్పుడో ఒకనాడు కోటు తొడుక్కుంటారు కదా.

పై ఆదివారం కాఫీల వేళ బాత్రూంలోంచి ఆర్లిస్ గొంతు హాలంతా వినిపించింది.

"ఐనెజ్! ఏంటిది? గోడకేసి పెట్టావేంటి?"

"నాకలాగే ఇష్టం."

"కొస దొరక్క గోడంతా తడుముకుంటున్నాను ఇక్కడ!"

"తడుముకో. నీ చేతికేం రోగం?"

"పద్ధతీ పాడూ లేని ఇల్లనుకున్నావా ఇది?"

"నా ఇల్లు కూడా ఇదే! నువ్వే చెయ్యెత్తావుగా? పద్ధతంటే నీ కాఫీకి నేర్పు ముందు. కప్పు అడుగు కనిపిస్తుంది అందులోంచి!"

"ఏడాదిగా మూడేసి కప్పులు తాగావు కదే!"

"మర్యాదకి తాగాను! ఇంక తాగను!"

పాస్టరు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. నేను మాపు కర్ర అడ్డం పెట్టాను.

"వాళ్లు పోట్లాడుకుంటున్నారు వాండా, వెళ్లి సర్దిచెప్పాలి," అన్నాడు.

"లోపలికి అడుగు పెట్టారంటే మీ సంగతి చూస్తాను," అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "కానివ్వండి. ఇంక వాళ్లెక్కడికీ వెళ్లరు."