మాసిన గాలి

మా వెనకగదికి బూజు పట్టింది మా అమ్మాయి పెళ్ళయి వెళ్ళిన తర్వాతే. అంతకుముందు ఆ గది దానిది. గోడ మీద అది అంటించుకున్న బొమ్మలు, కిటికీలో దాని దువ్వెన, మంచం కింద దాని చెప్పులు. అది వెళ్ళిపోయాక ఖాళీ గదిని చూస్తూ కూర్చోవడం ఎందుకని నేనే ఈ గోడ నుంచి ఆ గోడకి తీగలు కట్టాను. వానాకాలం బట్టలారేసుకోవడానికి చోటు దొరికిందని లోలోపల సంతోషించాను కూడా.

మాది లాండ్రీ. ముందుగది కొట్టు. నడిమిగదిలో ఇస్త్రీ బల్ల. వెనకగది ఇలా ఆరేసేదయింది. హోటలు దుప్పట్లు, ఆసుపత్రి కోట్లు, ఇళ్ళవాళ్ళ చొక్కాలు, అన్నీ అక్కడే వేలాడేవి. పక్కన మేడ కడుతున్నారు, సిమెంటు దుమ్ము తెల్లదుప్పట్ల మీద వాలుతుందని కిటికీ బిగించేశాం. బట్ట ఆరిందా లేదా అన్నదే మాకు కావాలి. అందులోంచి పోయిన నీళ్ళు ఎక్కడికి పోయాయని ఎవడు అడుగుతాడు? అవి గోడలోకి పోయాయి. ముందు మూలన మసిలా కనిపించింది. తుడిచాం. మళ్ళీ వచ్చింది. బీరువా అడ్డం పెట్టాం. బీరువా వెనక అది హాయిగా పెరిగింది.

ఈ మధ్య మా అమ్మాయి ఫోన్ చేసి, సెలవు అయిపోవస్తోంది, ఉద్యోగానికి వెళ్ళాలి, చిట్టిని పగలంతా ఎవరి దగ్గర వదలాలో తోచడం లేదంది. చిట్టి అంటే దాని కూతురు. అప్పటికింకా బోర్లాపడుతోంది. అక్కడ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పిల్లల్ని చూసే సెంటరొకటి ఉందట గానీ దీని మనసొప్పడం లేదు.

"మేం లేమా? మా దగ్గర వదిలెయ్. శనివారం శనివారం వచ్చి చూసుకో," అంది మా ఆవిడ ఒక్క గుక్కలో. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ముఖంలో వెలుగు పోలేదు. పాత చీరలు తీసి మెత్తగా ఉన్నవి ఏరడం మొదలుపెట్టింది.

"ముందు పిల్లని రానీవే. చీరలెక్కడికీ పోవు," అన్నాను.

"మీకేం తెలుసు, ఊరుకోండి. పసిదాని ఒంటికి కొత్తబట్ట గరుకు," అంది. బట్టల సంగతి నాకే చెబుతోంది!

అయితే చిట్టికి గుండెల్లో కాస్త నెమ్ము. చలిగాలి తగిలితే పిల్లికూతలొస్తాయి. అందుకని ముందు మా అల్లుడు గది చూడ్డానికొచ్చాడు. అతనిది మంచినీళ్ళ పరీక్ష చేసే ఉద్యోగం. ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీ చూసి, ఫ్యాన్ చూసి, గ్లాసు వెలుతురులోకి ఎత్తి చూసి, ఆ తర్వాతే మంచినీళ్ళు తాగుతాడు. నేనతనికి థర్మామీటర్ అని పేరు పెట్టాను. మా ఆవిడ ముందే అంటాను, అతని ముందు కాదు.

థర్మామీటర్ తిన్నగా వెనకగదిలోకి వెళ్ళి, బీరువా పక్కకి చెయ్యి పోనిచ్చి, గోడని వేలితో గీశాడు. వేలు నల్లబడింది. ఆ వేలిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు.

"మామయ్యా, ఇది చెమ్మ. ఈ తీగలు డాబా మీదికి మార్చేయండి. పైన నాలుగు రేకులు వేయించుకుంటే వానకీ ఇబ్బందుండదు. కిటికీ కూడా తీసి పెట్టాలి."

"అంటే మా పని నీకు కంపు కొడుతోందా బాబూ?"

"అయ్యో, అలా అన్నానా?"

"అనక్కర్లేదు. వేలు చూపిస్తున్నావుగా."

మా ఆవిడ గబగబా తువ్వాలు తెచ్చి ఇచ్చింది. నాకు తలకొట్టేసినట్టయింది. ఊళ్ళోవాళ్ళ మురికంతా వదిలించే ఇంట్లో మురికుందని నిన్నగాక మొన్న వచ్చినవాడు వేలెత్తి చూపించడం! అతను చెప్పింది నాలుగు రేకుల సంగతి. నాకు వినిపించింది మాత్రం నా బతుకు మీద తీర్పు.

"గాలి శుభ్రం చేసే మిషన్లొచ్చాయిగా. మంచిదొకటి కొంటాను. మా పని మమ్మల్ని చేసుకోనీ," అన్నాను.

"కొనండి మామయ్యా, మంచిదే. కాకపోతే అది గాల్లో ఉన్నదాన్ని పడుతుంది గానీ, గోడలో నీళ్ళని పట్టదు."

"అది కొట్టువాడు చెబుతాడులే."

చివరికి మా అమ్మాయే ఫోన్‌లో సర్దిచెప్పింది. తను చిట్టిని తీసుకొచ్చి ఓ వారం మా దగ్గర ఉంటుంది. పిల్ల గుండెలు తేలిగ్గా ఉంటే మా దగ్గరే వదిలి వెళ్తుంది. లేదంటే సెంటరే. "వారమేం ఖర్మ, చదువు పూర్తయ్యేదాకా ఉంటుంది నా దగ్గర," అంది మా ఆవిడ.

ఇద్దరం కొట్టుకి వెళ్ళాం. ఓ గోడ పొడుగునా ఈ మిషన్లే. పెద్దవి, చిన్నవి, గుండ్రటివి, అన్నీ తెల్లగా ఆసుపత్రి సరుకులా ఉన్నాయి. సేల్స్‌మన్ కుర్రతనం పోని మనిషి, మెడకి టై. ఆ టై ఇస్త్రీ ఎవరు చేశారో గానీ, అంచు కాల్చేశారు.

"ఏ ప్రాబ్లం సర్? పొగా, దుమ్మా, పుప్పొడా?"

"బూజు," అన్నాను గొంతు తగ్గించి.

"బూజైతే సర్, చెమ్మ ఉన్నట్టే. ముందు ఇది చూడండి. ఇది గాల్లో తేమంతా లాగేసి కింద డబ్బాలో నింపుతుంది. రోజూ నీళ్ళు పారబోసుకోవాలి, అంతే."

"నాయనా, నీళ్ళు మోసి మోసి నా భుజాలరిగిపోయాయి. ఇప్పుడు డబ్బిచ్చి ఇంకో బకెట్ కొనుక్కోమంటావా?"

మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వింది. సేల్స్‌మన్ నవ్వలేదు. గాలి మిషన్ల దగ్గరికి తీసుకెళ్ళి ఒకదాని వెనక తలుపు ఊడదీశాడు. పైన ఓ వల, దాని వెనక తెల్లటి మందపాటి ఫిల్టర్, ఆ వెనక బొగ్గు పొర. ఆ తెల్లదాన్ని చూసి నేను కళ్ళప్పగించాను. కాగితంలాంటి బట్ట, చివరిదాకా సన్నటి కుచ్చిళ్ళు, ఒక్కటీ అటూ ఇటూ పోలేదు.

"ఎవడు పెట్టాడో గానీ పనిమంతుడే!" అన్నాను.

"ఉతకొచ్చా?" అనడిగింది మా ఆవిడ. ఏది కొన్నా ఆమె మొదటి ప్రశ్న అదే.

"ఈ పైవల కడుక్కోవచ్చు మేడం. లోపలిది వద్దు. మాసిపోతే తీసి పారేసి కొత్తది వేసుకోవాలి."

"మాసిందని పారేస్తారా! అలా అయితే మా దగ్గరికి ఎవడొస్తాడు?" అన్నాను.

ఈసారి అతనూ నవ్వాడు. కొత్తది అమ్ముకోడానికి చెప్పే కబుర్లులే అనుకున్నాం మేము. బట్ట మాసిందంటే తప్పు బట్టది కాదు, ఉతికేవాడిది. మా నాన్న నాకు నేర్పిన చదువదే. బడి చదువు మధ్యలోనే వదిలేశాను గానీ, ఈ చదువు వదల్లేదు.

లైటున్నది తీసుకున్నాం. గాలి బాగుంటే నీలం, లేకపోతే ఎరుపు. లైటైతే అల్లుడికి చూపించొచ్చని నా ఉద్దేశం.

వెనకగది ఖాళీ చేశాం. గోడ బ్లీచింగ్‌తో కడిగాం, సున్నం కొట్టాం. తీగల మీద బట్టలు తీసి నడిమిగదిలో ఆరేశాం. మిషన్ పెట్టగానే నీలం వెలిగింది. మా ఆవిడ దాని ముందు నిలబడి చేతులు కట్టుకుంది, ఇంటికి పెద్దమనిషి ఎవరో వచ్చినట్టు. నేను నడిమిగదిలో ఆవిరి ఇస్త్రీపెట్టె ఎత్తేసరికి మాత్రం ఎర్రబడింది. దింపితే నీలం. ఎత్తితే ఎరుపు.

"ఇది కూడా అల్లుడి పార్టీయే," అన్నాను.

మిషన్‌ని తలుపుకి దూరంగా అవతలి మూలకి జరిపాను. నీలం నిలబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అమ్మాయి రేపు వస్తుందనగా మా ఆవిడ మిషన్ తలుపు ఊడదీసింది. అప్పటికి కొన్ని వారాలు నడిచిందేమో, తెల్లఫిల్టర్ బూడిదరంగుకి తిరిగింది. "పసిపిల్ల పీల్చే గాలి ఈ మసిగుడ్డలోంచి రావాలా? ఇలా చూస్తే అల్లుడేమనుకుంటాడు?" అంది. బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు, చిట్టి కోసం తెచ్చిన మెత్తటి సబ్బు. పిల్లకి స్నానం చేయించినంత నెమ్మదిగా ఉతికింది. తెల్లబడింది కూడా. బయట వాన. ఫ్యాన్ కింద పెట్టాం. సాయంత్రానికి పైపైన ఆరింది గానీ కుచ్చిళ్ళు ముద్దలు కట్టాయి.

"ఇలా ఇవ్వు," అని తీసుకుని, పెట్టె వేడి బాగా తగ్గించి, పలచటి గుడ్డ కప్పి, ఒక్కో కుచ్చూ నిలబెట్టాను. పెళ్ళిబట్టకి కూడా అంత ఓపిక పట్టలేదు నేను. కొత్తదానిలా అయింది. ఇద్దరం దాన్ని వెలుతురుకి పట్టి చూసి మురిసిపోయాం. లోపలి మడతల్లో చల్లగా తగిలింది. తగిలిన మాట నిజం. ఇస్త్రీ బట్ట చల్లగా తగిలితే అది ఆరలేదని నాకు తెలియకపోవడమేమిటి! మిషన్ గాలికి అదే ఆరిపోతుందిలే అనుకుని బిగించాను.

చిట్టి వచ్చింది. వచ్చీరాగానే నా మీసం పట్టుకుని లాగింది. ఆ రెండు రోజులూ మా ఇల్లు ఇల్లులా ఉంది. మా ఆవిడ బట్టలు లెక్క తప్పింది, ఎవరి కోటు ఎవరికో ఇచ్చింది, తిట్లు తిని నవ్వుతూ లోపలికొచ్చింది. "తాతా అను, తాతా," అని నేను పెట్టె పక్కన పెట్టి మరీ కూర్చున్నాను. అదేదో "త్త" అంది. నన్నే అంది. మా ఆవిడ ఒప్పుకోలేదు, అత్త అందట.

తర్వాత చిట్టి తుమ్ములు మొదలుపెట్టింది. పొద్దున్నే మా అమ్మాయి దాన్ని భుజాన వేసుకుని తిరుగుతోంది. పిల్ల ఊపిరి తీస్తుంటే పిల్లికూత నాకు నడిమిగదిలోకి వినిపించింది.

"మిషన్ ఎక్కువలో పెట్టు అమ్మలూ," అన్నాను.

పెట్టింది. ఓ క్షణం ఆగి ముక్కు చిట్లించింది. "నాన్నా, ఈ గాలేంటి ముక్కిన వాసనొస్తోంది? వానలో మూటకట్టి మర్చిపోయిన బట్టల వాసన."

చిట్టిని మా ఆవిడ చేతికిచ్చి మిషన్ ఆపింది. వెనక తలుపు తీసింది. నేను నిలబెట్టిన కుచ్చిళ్ళు అలాగే ఉన్నాయి, ఒక్కటీ అటూ ఇటూ పోలేదు. వాటి లోపల, మడతమడతకీ, ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. గోడ మీది బూజే. గోడ మీద తుడిచినదాన్ని మిషన్‌లో పెంచి, పిల్ల ముఖం మీదికి ఊదాం.

"దీన్ని ఉతికారా?" అంది మా అమ్మాయి.

మా ఆవిడ చిట్టిని ఇంకో భుజానికి మార్చుకుంది.

"మాసింది. ఉతికాం," అన్నాను.

"ఇస్త్రీ కూడా చేశావా నాన్నా?"

అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే కళ్ళనీళ్ళయిపోయాయి. తిట్టి ఉంటే బాగుండేది. నా నోట్లో సమాధానాలకి ఎప్పుడూ కరువుండదు, తిడితే ఏదో ఒకటి అనేవాణ్ణి.

డాక్టరు చూశాడు. ఆవిరి మందు పట్టించాడు, కంగారు లేదన్నాడు, ఆ గదిలో మాత్రం ఉంచొద్దన్నాడు. అల్లుడు వచ్చాడు. ఫిల్టర్ చూశాడు, గోడ చూశాడు, నా ముఖం చూశాడు. మిషన్ తలుపు నెమ్మదిగా మూసేశాడు. వేలెత్తి చూపించినరోజు కన్నా అలా మూసేయడమే నాకు ఎక్కువ తగిలింది.

"అమ్మా, చిట్టి అక్కడే ఉంటుందిలే. సెంటర్లో చేర్పిస్తాం," అంది మా అమ్మాయి బ్యాగు సర్దుతూ.

మా ఆవిడ పాత చీరలు మడతపెట్టి ఇస్తే, వద్దనలేక తీసుకుంది.

ఆ వారమే రేకులు వేయించాను. వేసినవాడు మధ్యాహ్నానికల్లా దిగిపోయాడు. ఇంతేనా పని! దీనికా నేను అంత మాట పట్టుకుని కూర్చున్నది! తీగలు డాబా మీదికి పోయాయి, కిటికీ తెరిచాం, బీరువా గోడకి జానెడు ఎడంగా జరిపాం. గోడ కొన్నాళ్ళు చెమ్మ కక్కి, తర్వాత తెల్లబడింది. మిషన్‌కి కొత్త ఫిల్టర్ వేయించాను. పెట్టె ఎత్తినా దించినా నీలమే. అది ఎవరికి చూపించను?

"గది ఆరిందని చెప్పండి అల్లుడికి," అంటుంది మా ఆవిడ.

"నువ్వు చెప్పు."

"మీరు చెబితేనే బాగుంటుంది."

నిజమే. నేను చెబితేనే బాగుంటుంది. ఫోన్ తీస్తాను, పెడతాను. ఏమని మొదలుపెట్టాలి? నువ్వు చెప్పిందే చేశాను బాబూ అనాలి. ఆ మాట అప్పుడే అని ఉంటే చిట్టి ఈపాటికి ఈ గదిలో పాకుతుండేది. ఇప్పుడంటే మాత్రం సెంటరుకి అలవాటు పడిన పిల్లని మళ్ళీ కదుపుతారా? అక్కడ ఎవరో ఆయాని చూసి చేతులు చాస్తోందట. అమ్మాయి సంతోషంగానే చెప్పింది.

హడావిడిలో చిట్టి గౌనొకటి మా బట్టల్లో కలిసిపోయింది. నిన్న బయటపడింది. మా ఆవిడ ఉతికింది. డాబా మీద వేయనివ్వలేదు, వెనకగది కిటికీకే తగిలించింది. మేము నడిమిగదిలో రెండు దుప్పట్లు మడతపెట్టేలోపు కరకరలాడేలా ఆరిపోయింది. తెచ్చి బల్ల మీద పరిచాను. నా అరచేతి కన్నా కొంచెం పెద్దది. నడుం దగ్గర చిన్న కుచ్చిళ్ళు. ఒక్కొక్కటే నిలబెట్టి ఇస్త్రీ చేశాను.

మా ఆవిడ దాన్ని ఎత్తి చూసి, బీరువాలో పెట్టబోతూ ఆగింది.

"మళ్ళీ వచ్చేసరికి ఇది పట్టదండీ దానికి," అంది.