ఆవలి గట్టు భాగస్వామి

నెవెనాకు డాన్యూబ్ నది దాటాలంటే ఒక కారణం కావాలి. నది దాటించే పంటుకేం, లారీలు నిండగానే కదులుతుంది. చెక్‌పోస్టు కుర్రాళ్ళకేం, ఆవిడ మొహం కనపడగానే పాస్‌పోర్టు తెరవకుండానే తిరిగిచ్చేస్తారు. అడ్డం పడేవాళ్ళెవరూ లేరు, ఆవిడ తప్ప. బెలిబ్రోద్‌లో సంగీతం బడికి డైరెక్టరు, పెళ్ళి చేసుకోని మనిషి, యాభై దాటి ఏడేళ్ళు. అలాంటి మనిషి పనీపాటా లేకుండా ఏరు దాటి సల్చీనా వెళ్ళొస్తే ఊరు ఊరుకుంటుందా? ఊరి సంగతి దేవుడెరుగు, ఆవిడ మనసే ఊరుకోదు. "ఎందుకెళ్తున్నావే?" అని అదే ముందు నిలదీస్తుంది.

ఆ కారణాన్ని యూరోపియన్ యూనియన్ వాళ్ళు ఇచ్చారు. నదికి ఇటు బల్గేరియా, అటు రొమేనియా. రెండు గట్ల బడులూ కలిసి పిల్లలచేత పాడిస్తామనో వాయిస్తామనో రాస్తే డబ్బిచ్చే పథకం ఒకటుంది. పైకప్పు కారుతోందన్నా, పియానో మీటలు ఊడిపోయాయన్నా ఊళ్ళో ఎవరికీ చెవికెక్కదు. అదే "సరిహద్దు దాటిన సాంస్కృతిక సహకారం" అని రాసి చూడండి, కొత్త పియానో నడుచుకుంటూ వస్తుంది. షరతు ఒక్కటే. అవతలి గట్టున భాగస్వామి ఉండాలి.

నెవెనా భాగస్వామి పేరు లివియు. సల్చీనాలో పిల్లలకు వయొలిన్ నేర్పే చిన్న బడికి ఆయన పెద్ద. పొడుగాటి మనిషి. భార్య పోయి చాలా కాలమైంది, కూతురు బుఖారెస్టులో కాపురం. ఎండాకాలం తప్పిస్తే ఏడాది పొడుగునా ఒకటే బూడిదరంగు కోటు. ఆరేళ్ళలో ఇద్దరూ కలిసి రెండు ప్రాజెక్టులు రాశారు, రెండూ గెలిచారు.

తమాషా ఏమిటంటే ఇద్దరికీ కలిసిన భాష లేదు. ఆవిడకు బల్గేరియన్, చిన్నప్పుడు బళ్ళో బట్టీపట్టిన రష్యన్. ఆయనకు రొమేనియన్, కాస్త ఫ్రెంచి. "సంగీతానికి భాష అడ్డం కాదు" అని ప్రతి దరఖాస్తులోనూ మొదటి వాక్యం రాస్తారు చూడండి, అంతకంటే పచ్చి అబద్ధం ఇంకోటి లేదు. ఆరేళ్ళలో వీళ్ళిద్దరూ కలిసి ఒక్క పాట వాయించిన పాపాన పోలేదు. వాయించింది పిల్లలు. వీళ్ళు ముందు వరసలో కూచుని హాజరుపట్టీ చూసుకున్నారు. ఇద్దరికీ తెలిసిందల్లా పథకం నియమాలు చదివీ చదివీ అబ్బిన దరఖాస్తు ఇంగ్లీషు. అందులో చలి లేదు, ఆకలి లేదు, దిగులు లేదు. లబ్ధిదారులు, గడువు, ఆశించిన ఫలితాలు, అనుబంధాలు, ఇవే ఉన్నాయి. ఆ అనుబంధాలు కూడా చివర్న జతచేసే కాగితాలే, మరేం కాదు.

ఉన్న మాటలతోనే నెట్టుకొచ్చారు. మొదటి ఏడాది చలికాలంలో, సల్చీనా రేవు పక్క హోటల్లో కూచున్నప్పుడు లివియు అడిగాడు.

"మీ ఇంట్లో లబ్ధిదారులు ఎంతమంది?"

నెవెనాకు నవ్వాగలేదు. "ఒక్కరే. నేనే. మీకు?"

"నా ప్రధాన భాగస్వామి గడువుకు ముందే వెళ్ళిపోయింది," అన్నాడాయన గిన్నె వంక చూస్తూ. "పొడిగింపు అడిగాను. మంజూరు కాలేదు."

దానికి జవాబు ఏమివ్వాలో ఏ నియమావళిలోనూ లేదు. నెవెనా తన పులుసులోంచి పెద్ద చేపముక్క తీసి ఆయన గిన్నెలో వేసింది. ఆయన "చోర్బ" అన్నాడు. ఆవిడా "చోర్బ" అంది. ఆ పుల్లటి పులుసును రెండు గట్ల మీదా అలాగే అంటారు. తమ రెండు భాషల్లోనూ కలిసిన మాట దొరికిందని పిల్లల్లాగా మురిసిపోయారు.

అప్పట్నుంచి ఆవిడ బతుకంతా ఒక సమావేశానికీ ఇంకో సమావేశానికీ మధ్య ఎదురుచూపే అయిపోయింది. అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఒక్కదానికి వంటేమిటని నిలబడే రొట్టెముక్క కొరుక్కుంటుంది. ఆదివారాలైతే మరీ ఘోరం. కూరగాయల కొట్టువాడు రెండు మాటలు ఎక్కువ మాట్లాడతాడని అక్కర్లేని ఉల్లికాడలు కూడా కొనేది, అవి వంటగదిలో వాడిపోయేవి. సమావేశం ఉన్న వారం మాత్రం పిండి పల్చగా సాగదీసి, మధ్యలో చీజు పెట్టి బనిత్స కాల్చేది. రేవులో దిగగానే లివియు దాని వాసన చూసి, దరఖాస్తు భాషలోనే "ఉత్తమ ఆచరణ!" అని మెచ్చుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం నెవెనా తెల్లవారుఝామునే లేచి పిండి కలిపేది. అంత చదువుకున్న మనిషికి అంత ఒంటరితనమేమిటని మీరు నవ్వితే నవ్వండి. చదువు పక్కన కూచుని కబుర్లు చెబుతుందా ఏం?

ఈ ఏడు మళ్ళీ దరఖాస్తులకు పిలుపొచ్చింది. నెవెనా అప్పుడే మూడో ప్రాజెక్టుకు పేరు కూడా ఆలోచించి పెట్టుకుంది. అంతలో దరఖాస్తులకు సలహాలిచ్చే జిల్లా కేంద్రం నుంచి అమ్మాయి ఫోన్ చేసింది.

"ఏమనుకోకండి మేడం. మళ్ళీ లివియు గారి బడేనా?"

"అవును. ఏం, ఆ బడికేమొచ్చింది?"

"బడికేం రాలేదండీ. మూడోసారి కూడా అదే జంటంటే కొత్తదనం కింద సున్నా వేస్తారు. డబ్బు రాదు. క్రయోవాలో పెద్ద బడి ఉంది, ఈ గట్టున ఎవరైనా దొరుకుతారా అని వాళ్ళూ వెతుకుతున్నారు. వాళ్ళతో కలవండి."

"పాత భాగస్వామి మంచివాడైతేనో?"

"మంచితనానికి ఫారంలో గడి లేదు మేడం," అంది ఆ పిల్ల జాలిగా.

డబ్బు రాకపోతే కుదరదు. బడిలో మిగిలిన రెండు పియానోల్లో ఒకటి మూగబోయింది. ఈసారి కొత్తవి రాకపోతే బడిని పక్క ఊరి బళ్ళో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చేసింది. నెవెనా రెండు రోజులు నిద్ర లేకుండా ఆలోచించి, ఒక ఉపాయం పట్టుకుని టీచర్ల గదిలోకి వచ్చింది. అక్కడ అకార్డియన్ మాస్టారు మిత్కో టీ కాచుకుంటున్నాడు. ఆవిడతోపాటే ఉద్యోగంలో చేరిన మనిషి, నోటికి హద్దూ పద్దూ లేదు.

"ముగ్గురం కలిసి రాద్దాం మిత్కో. క్రయోవా, మనం, లివియు. కొత్తదనానికి కొత్తదనం, పాత భాగస్వామీ ఉంటాడు."

"పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది మీ వరస! ఆయన బళ్ళో ఉన్నదే పిడికెడు పిల్లలు."

"మన బళ్ళో పుట్లకొద్దీ ఉన్నారా?"

"అది సరే గానీ ఒకమాట చెప్పండి మేడం. ఈ ఆరాటం పిల్లల కోసమా, మీ కోసమా? పిల్లల కోసమైతే క్రయోవా చాలు. మీ కోసమైతే ప్రాజెక్టెందుకు? టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళండి. పంటువాడు ఆశించిన ఫలితాలేమిటని అడగడు."

నెవెనా మొహం జేవురించింది. "నీ అకార్డియన్ సంగతి నువ్వు చూసుకో," అని తలుపు దభాలున వేసి వెళ్ళిపోయింది. మిత్కో నోరు మంచిది కాదు గానీ మాట మంచిదే. ఆవిడకూ అది తెలుసు. తెలిసే అంత కోపం.

ఆ శుక్రవారం బనిత్స గుడ్డలో చుట్టుకుని పంటు ఎక్కింది. నది మీద పొగమంచు. ఎర్ర కేబిన్ లారీల మధ్య నిలబడి చెప్పాల్సింది లోపల్లోపల వల్లె వేసుకుంది. ముగ్గురు భాగస్వాములు, మూడు బృందాలు, ఒక కచేరీ. అది ఒప్పుకున్నాక, ప్రాజెక్టు లేకపోయినా ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి అని కూడా అనాలి. ఈ రెండోది ఇంగ్లీషులో ఎలా అనాలో తట్టలేదు. అప్పుడే తడుతుందిలే అనుకుంది.

లివియు రేవులో లేడు. హోటల్లో కూచుని ఉన్నాడు, ముందున్న చోర్బ చల్లారిపోయింది. బనిత్స చూసి కూడా ఆ మాట అనలేదు. ఆవిడ మూట బల్లమీద పెట్టి ఎదురుగా కూచుంది.

"ప్రణాళికలో మార్పు ఉంది," అన్నాడాయన.

"ముందు నాది వినండి," అని నెవెనా గబగబా చెప్పేసింది. ముగ్గురు భాగస్వాములు, క్రయోవా, అన్నీ.

లివియు చెంచా కింద పెట్టాడు. "నేను సంతకం చేశాను. రూసె బడితో. పోయిన వారం."

ఒక బడికి ఒకటే దరఖాస్తు. ఆ నియమం ఇద్దరికీ కంఠోపాఠం. ఇక రూసె ఆయన భాగస్వామి, క్రయోవా ఆవిడ భాగస్వామి. రూసె ఉన్నది ఆవిడ గట్టునే, క్రయోవా ఉన్నది ఆయన గట్టునే. ఆ మాట తలచుకుంటే ఆవిడకు నవ్వొచ్చినంత పనైంది.

"నాకు సమాచారం ఇవ్వలేదు," అంది.

"ముసాయిదాలు రాశాను. చాలా. పంపలేదు." ఆయన వేళ్ళు బల్లమీద దేనికోసమో వెతుక్కున్నాయి. "కొత్తదనం అన్నారు. లేకపోతే మా బడి మూసివేత. మీకు నష్టం... ఉద్దేశపూర్వకం కాదు."

"సరే. మరి మన సమావేశాలు?"

లివియు చాలాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"ఏ పద్దు కింద?"

అంతే. నెవెనా నోట బల్గేరియన్ పొంగుకొచ్చేసింది.

"ఏ పద్దు కిందా కాదయ్యా మహానుభావా! ఊరికే! ఊరికే రా. ఆదివారం నాకు తెల్లారదు, తెల్లారితే పొద్దుగూకదు. ఆ ఇంట్లో నా చెంచా చప్పుడుకి నేనే ఉలిక్కిపడతాను, తెలుసా నీకు? ఈ వయొలిన్లూ పియానోలూ బృందగానాలూ అన్నీ నిన్ను చూడ్డానికే రాశాను. పిల్లల కోసం కూడా రాశాను, కాదన్ను. కానీ ముందు నీకోసమే. ఆ కోటు మార్చు, మోచేతుల దగ్గర అరిగిపోయింది, ఆరేళ్ళుగా చెబుదామంటే ఈ దిక్కుమాలిన భాషలో మోచెయ్యి అనే మాట లేదు. వేరేవాళ్ళతో సంతకం పెట్టావని కోపం లేదు నాకు. భయంగా ఉంది. ఇక నేను పొద్దున్నే లేచి ఎవరికోసం పిండి కలపాలి? చెప్పు, ఎవరికోసం?"

హోటల్ పిల్ల గ్లాసులు తుడవడం ఆపి చూస్తోంది. లివియు ఒక్క మాట అడ్డం రాకుండా, రెప్ప వాల్చకుండా, చివరిదాకా విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు ఆయనకు. ఆవిడ ఆగాక, ఎంతో మర్యాదగా, ఎప్పుడు ఏ పేజీ పొడుగైపోయినా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడిగే ప్రశ్నే అడిగాడు.

"సారాంశం?"

చెప్పొచ్చు. నాలుగు ముక్కల ఇంగ్లీషు ఆవిడకూ వచ్చు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ బల్గేరియన్‌లో పెట్టిన ధైర్యమంతా బల్గేరియన్‌లోనే ఖర్చయిపోయింది. ప్రతి తుది నివేదికలోనూ చివర్న ఉండే వాక్యమే నోటికొచ్చింది.

"మీ సహకారానికి కృతజ్ఞతలు," అంది నెవెనా.

లివియు తలొంచుకున్నాడు. తర్వాత ఆయనా మొదలుపెట్టాడు, రొమేనియన్‌లో. మొదట మెల్లిగా, తర్వాత ఆపుకోలేనట్టు. ఒకచోట బల్ల మీద అరచెయ్యి పెట్టి కొట్టాడు. ఒకచోట నది వైపు చూపించాడు. మధ్యమధ్య నెవెనాకు తన పేరు వినపడింది. మిగతాదేమీ బోధపడలేదు. ఆయన ఆగి, కాగితం రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"సారాంశం?" అని అడిగింది, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

ఆయన ఆవిడ వంక చూశాడు.

"మీ సారాంశమే," అన్నాడు. "నాదీ అదే."

రేవులో పంటు కూత వేసింది. లివియు మెట్ల దాకా వచ్చాడు, బనిత్స మూట రెండు చేతులతో పట్టుకుని. ఆవిడ గుడ్డ అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఇద్దరూ చేతులు కలిపారు, ఎప్పుడూ ఒప్పందాల మీద సంతకాలయ్యాక కలిపినట్టే.

పంటు కదిలాక నెవెనా లారీల వెనక చేరి, కమ్మీ పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ లేరనుకుంది. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఒక లారీ డ్రైవరు అటే వచ్చాడు, మన గట్టువాడే.

"అయ్యో, ఏమైందక్కా? ఎవరైనా పోయారా?"

సొంత భాషలో అడిగాడు. ఏం చెప్పినా అర్థమయ్యేది. మొత్తం చెప్పుకోవచ్చు, మొదటి చేపముక్క దగ్గర్నుంచీ.

"లేదు తమ్ముడూ," అంది నెవెనా మొహం తుడుచుకుంటూ. "ప్రాజెక్టు అయిపోయింది."

"ఓస్, అంతేనా!" అని అతను నవ్వేసి ఆవిడ దోసిట్లో గుప్పెడు గింజలు పోశాడు. "పని పూర్తయితే సంబరపడాలి గానీ, ఏడుస్తారా ఎవరైనా!"