కత్తెర పిడి చప్పుడు

టక్, టక్.

బెల్టు పక్కనున్న స్టీలు రాడ్డు మీద కత్తెర పిడితో ఎవరో రెండుసార్లు కొట్టారు. టైము పదకొండూ పది. ప్యాకింగు హాల్లో మెషిన్ల రొద మధ్య ఆ చప్పుడు మా లైనువాళ్లకి తప్ప ఇంకెవరికీ వినపడదు. నాకు వినపడుతుంది. దాన్ని కనిపెట్టిందే నేను.

పదకొండేళ్లు ఇదే బెల్టు దగ్గర నిలబడి మందు సీసాలు పెట్టెల్లో సర్దాను. అప్పటి సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు ఉరుము. ఒక్క మూత వంకరగా కనపడితే చాలు, "నోళ్లు పడిపోయాయా? ఎవరిదీ పని?" అని అందరి ముందూ కడిగేసేవాడు. అందుకని మావాళ్లకి ఒక ఉపాయం చెప్పాను. తప్పు ఎవరి కంటపడితే వాళ్లు కత్తెరతో రెండుసార్లు కొట్టాలి. అందరం కిక్కురుమనకుండా ఆ సీసాలు ఏరేసి, బట్టలు మార్చుకునే గదిలో సరిచేసి, మళ్లీ బెల్టెక్కించేవాళ్లం. ఉరుము రిటైరయ్యేదాకా మాది మచ్చలేని లైను. ఆ మంచి పేరు చూసే అతని కుర్చీ నాకిచ్చారు.

ఇచ్చి ఇవాళ్టికి మూడు నెలలు. మూడింటికి మేనేజరు గదిలో నన్ను ఖాయం చేస్తూ కాగితమిస్తారు. ఈలోగా ఈ టక్ టక్.

ఎవరో ఒకరు వచ్చి చెబుతారులే అనుకున్నాను. నేను ఉరుముని కాదుగా, వాళ్లలో మనిషిని. పది నిమిషాలైంది. ఒక్కరూ తలెత్తలేదు. నేనటు వెళితే చేతులు చురుగ్గా ఆడుతున్నాయి, ఇటు తిరిగితే వీపు వెనక చూపులు. బెల్టు ఈ చివర నుంచి ఆ చివరకి కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

పిన్ని దగ్గర ఆగాను. మా అందరిలోకీ పెద్దది, అందరికీ పిన్నే. పెట్టెకి ఒంటిచేత్తో టేపు వేయడం నాకు నేర్పింది ఆవిడే.

"ఏంటి పిన్నీ, ఏమైనా తేడా వచ్చిందా?"

"అబ్బే, ఏం లేదండీ."

అండీ! మూడు నెలల కిందటి వరకు "ఏమే, కళ్లు నెత్తికెక్కాయా" అన్న మనిషి. కుర్చీ ఎక్కిన రోజు నుంచీ ఈ అండీ మొదలైంది. మొదట్లో ముద్దుగానే ఉండేది, నిజం చెప్పొద్దూ.

లేబుళ్ల మెషిన్ దగ్గర కళ్లద్దాలు కొత్త రోలు ఎక్కిస్తోంది. ఆమెని మేమంతా పిలిచే పేరు అదే.

"అప్పుడే అయిపోయిందా రోలు?"

"అయిపోయింది మేడం." చూపు మాత్రం మెషిన్ మీదే.

ఒక రోలు భోజనాల దాకా వస్తుంది. నాకే కబుర్లా? నేరుగా బట్టలు మార్చుకునే గదికి వెళ్లాను. చెప్పుల అరలో అడుగున, పాత చెప్పుల వెనక చెయ్యి పెట్టాను. పదకొండేళ్లూ నేను దాచిన చోటే. జిగురుతో ఉండ కట్టిన లేబుళ్లు చేతికి తగిలాయి. ఒకటి విప్పి సాపు చేశాను.

'పిల్లలకు. పూటకు రెండు చెంచాలు.'

ఇవాళ బెల్టు మీద పోతున్నది పెద్దల మందు. ఘాటైనది. పెద్దవాళ్లకే పూటకి ఒక చెంచా మించకూడదు. రెండు లేబుళ్లూ ఆకుపచ్చవే, దూరం నుంచి తేడా తెలియదు. ఏ తల్లో ఈ లేబులు చూసి పసిబిడ్డ నోట్లో రెండు చెంచాలు పోస్తే?

గోడ గడియారం పదకొండూ ముప్పై ఎనిమిది. లారీ పన్నెండుకి.

పరుగున హాల్లోకొచ్చి ఆ లేబుళ్ల ఉండని బల్ల మీద విసిరికొట్టాను. "ఎన్ని దాటిపోయాయి? నోళ్లు పడిపోయాయా? ఎవరిదీ పని?"

అన్నాక తెలిసింది, ఎవరి మాటలవో. అక్షరం తేడా లేదు. ఆరుగురూ తల వంచుకున్నారు. అలా వంచుకోవడమూ నేను నేర్పిందే: చూపు చెప్పుల మీద, చేతులు వెనక్కి.

పిన్ని ఏప్రన్ జేబులోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. రోలుతో పాటు వచ్చే చీటీ. రోలు మధ్యలో రెండు ముక్కలు కలిపిన అతుకు ఉంటే, అతుకు దాటి విప్పి చూశాకే సూపర్‌వైజరు దానిమీద సంతకం పెట్టాలి. 'అతుకు చూశాను. సరిపోయింది.' కింద నా సంతకం, ఉదయం ఆరూ యాభై.

చూడలేదు. ఆ టైములో మూడింటికి మేనేజరు ముందు చెప్పబోయే మాట మనసులో అప్పజెప్పుకుంటున్నాను. 'మూడు నెలల్లో నా లైన్లో ఒక్క తప్పూ లేదు సార్.' అతుకుకి అవతల పిల్లల లేబుళ్లున్నాయి.

"మరి నాకు చెప్పొచ్చుగా!" నా గొంతు కీచుమంది.

"మీ తప్పు మీకు చెప్పే ధైర్యం ఎవరికుందండీ?" అంది పిన్ని.

కళ్లద్దాలు మెల్లిగా అంది. "పోయిన నెల మూతల రంగు తేడాగా ఉందన్నాను మేడం. మీరేమన్నారు?"

గుర్తుంది. 'ముందు నీ అద్దాలు తుడుచుకో తల్లీ' అన్నాను. హాలంతా నవ్వింది. మూతలు బాగానే ఉన్నాయి కాబట్టి నాదే పైచేయి. భలే పేలింది జోకు అని ఇంటికెళ్లి మా ఆయనకి కూడా చెప్పి నవ్వించాను. ఆ తర్వాత ఈమె నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడిందా? గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ దొరకలేదు.

"ఏరేసినవి పదిహేను," అంది పిన్ని. "ముందే రెండు మూడు పెట్టెలు దాటి ఉంటాయి. లారీ రెండింటికి కదా, భోజనాలప్పుడెళ్లి ఏదో ఒకటి చెప్పి దింపిద్దామనుకున్నాం."

"ఇవాళ పన్నెండుకే పోతోంది."

"మాకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ కబురు నాకొక్కదానికే తెలుసు, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఎర్ర బటన్ నా ఎడమ చేతి పక్కనే ఉంది. నొక్కితే బెల్టు ఆగుతుంది, గేటు మూసేస్తారు, మేనేజరు గదిలో గంట మోగుతుంది. ఎందుకు నొక్కానో రిజిస్టర్లో రాయాలి. మూడు నెలలుగా ఆ రిజిస్టరు తెల్లగా ఉంది. నిజమే చెబుతున్నాను, అప్పుడు నా మనసులో మెదిలింది ఏ పసిబిడ్డా కాదు. లారీ దగ్గరికి పరిగెత్తి, పెట్టెలు నలిగాయని చెప్పి గప్‌చుప్‌గా దింపించేయడమే మెదిలింది. కానీ రెండువందల పెట్టెల్లో ఏవని దింపను? అన్నీ విప్పాల్సిందే. ఇక ఎవరి కళ్లు కప్పను?

నొక్కాను.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మేనేజరు ఆయాసపడుతూ వచ్చాడు. "ఎవరి తప్పు?"

"నాదే సార్. చూడకుండా సంతకం పెట్టాను. వీళ్లే పట్టుకున్నారు."

లారీ నుంచి పెట్టెలన్నీ దింపి, నేల మీద కూర్చుని ఏడుగురం ఒక్కో సీసా తీసి చూశాం. భోజనాలు లేవు. మూడు పెట్టెల్లో ముప్పై ఒక్క సీసా దొరికింది. మొదటిది పిన్నికే దొరికింది. పైకెత్తి చూపించింది. మూడింటికి మేనేజరు కాగితం ఇవ్వలేదు. "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నాడు.

మర్నాడు ఉదయం రోలు చీటీ మీద సంతకం పెట్టి బెల్టు వేయబోతున్నాను. ఈసారి అతుకు చూసే పెట్టాను. రాడ్డు మీద చప్పుడేమీ కాలేదు. కళ్లద్దాలు మెషిన్ వదిలి, హాలు దాటి, అందరూ చూస్తుండగా నా దగ్గరికి వచ్చింది. వేళ్లు ఏప్రన్ అంచుని నలిపేస్తున్నాయి.

"మేడం... ఆ రోలు ఇంకోసారి చూస్తారా? నాకెందుకో అనుమానంగా ఉంది."

ఒళ్లు మండింది. ఇప్పుడేగా చూశాను! అద్దాల మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆరు జతల కళ్లు నా నోటివైపే చూస్తున్నాయి.

రోలు దింపాను. నేల మీద కూర్చుని చివరికంటా విప్పాను, ఆమె ఒక కొస, నేనొక కొస. ఇరవై నిమిషాలు పట్టింది. ఎక్కడా తేడా లేదు. ఆమె ముఖం పాలిపోయింది. నవ్వు కోసం ఎదురుచూస్తున్నట్టు మెడ కాస్త లోపలికి ముడుచుకుంది.

"బాగానే ఉంది," అన్నాను. "మళ్లీ అనుమానం వస్తే మళ్లీ వచ్చి చెప్పు."

ఆ మాట బయటికి రావడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. బెల్టు ఆ చివర నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఏమే, ఇంకా అక్కడే చతికిలబడ్డావేం? లేచి బెల్టు వెయ్యి."