హెడ్‌లైట్లు మార్చిన ఆదివారం

పదో నంబరు స్పానరు మూడో బోల్టు మీద పట్టు చిక్కక రెండుసార్లు జారింది. ఏసోబు కళ్ళతో వెతకడం మానేసి వేళ్ళతో తడిమి పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా డ్రైవరు. ఈ పాత సుమోలో ఏ నట్టు ఎక్కడుందో చేతికే తెలుసు. బ్యాటరీ వైరు ముందే పీకేశాడు, ముందు జాలీ విప్పి గోనెపట్టా మీద పెట్టాడు. చర్చినుంచి వచ్చినవాడు అన్నం కూడా తినకుండా ఈ పనిలో పడ్డాడు.

హెడ్‌లైటు మార్చడం పెద్ద విద్యేమీ కాదు. అయినా ఇన్నేళ్ళూ చిన్న రిపేరుకైనా సెంటర్లో ఖలీల్ షెడ్డుకే పోయేవాడు. ఈసారి పోలేదు. ఖలీల్ మంచివాడే, నోరే ఊరుకోదు. కుడి లైటు వెలిగించి చూసి, "ఇది బానే ఉంది గదన్నా, అంత డ్రమ్ము నీకెందుకు కనపళ్ళా?" అంటాడు. ఆ మాట ఎక్కడ వినాల్సి వస్తుందోనని ఏసోబుకు రెండు రోజులుగా నిద్ర లేదు.

శుక్రవారం తెల్లవారుజామున తొమ్మిదిమంది కూలీలనూ, వాళ్ళ మేస్త్రి అయిన తన భార్య ఎలీసమ్మనూ మిరపకోతకు తీసుకుపోతున్నాడు. పిడుగురాళ్ల రోడ్డు వారన ఎవరో కాయలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, మూలన నీలం డ్రమ్ము నిలబెట్టారు. ఈ రోజుల్లో ఏ రోడ్డు మీదైనా ఉండేదే. ఏసోబు తిన్నగా పోయి డ్రమ్మును గుద్దాడు. ఎడమ లైటు పగిలింది. నాలుగు బారల అవతల నులకమంచం మీద కాపలా పడుకున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

లైట్లు మసకబారాయని అందరికీ చెప్పాడు ఏసోబు. చెప్పీ చెప్పీ తనూ సగం నమ్మాడు. వానాకాలంలో కంటి శిబిరం డాక్టరు నరం ఎండిపోతోందనీ, అద్దాలు పెట్టినా లాభం లేదనీ అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. డాక్టర్లు మాత్రం పొరపాటు పడరా ఏమిటి?

అందుకే రెండు లైట్లూ కొత్తవి తెచ్చాడు. అద్దానికి వేలిజిడ్డు అంటకుండా బల్బును గుడ్డతో పట్టుకుని పెట్టాడు, ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కాడు, బోల్టులు బిగించాడు. చేస్తున్నంతసేపూ ఒకటే ప్రార్థన. "దేవా, తప్పు లైటుదే కావాలి."

పొద్దు గూకాక సుమోను చర్చి ప్రహరీకి ఎదురుగా పెట్టాడు. వెలుగు ఎంత ఎత్తున పడుతోందో చూడాలని ఎలీసమ్మను గోడ దగ్గర నిలబడమన్నాడు. స్విచ్చి వేశాడు. గోడ మీద పొగలో దీపాల్లాగా రెండు మచ్చలు కనిపించాయి. వాటి మధ్య ఎవరూ లేరు.

"ఇట్టా లైట్ల ముందుకు రా," అన్నాడు.

"ముందే గదా ఉన్నా. ఆర్పయ్యా, కళ్ళు పోతన్నాయి."

ఏసోబు లైట్లు ఆర్పాడు. బాగున్నాయని ఒక్క మాట అంటే చాలు, పొద్దున పదిమందీ ఎక్కేస్తారు. ఈసారి కూడా డ్రమ్మే అడ్డొస్తుందని ఏముంది? ఆ ముసలాయన మంచమే ఉండొచ్చు. ఇంజను ఆపి దిగాడు.

"నువ్వు నాకు కనపళ్ళేదే."

శిబిరంలో డాక్టరు చెప్పిందీ దాచలేదు. ఎలీసమ్మ అంతా విన్నది.

"ఎనకమాల అందరం నిద్దరపోతా వస్తాం గదయ్యా," అంది. "నువ్వున్నావనే గదా."

దానికన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఏసోబుకు.

సోమవారం చీకటితోనే కూలీలను తీసుకుపోవడానికి ఊళ్ళో అన్వర్ ఆటో వచ్చింది. ఏసోబు గుమ్మంలో నిలబడి, ఎక్కేవాళ్ళ గొంతులు విన్నాడు.

"మలుపుకాడ కాయలు ఆరబోసుంటారు, మెల్లగా పోనీరా," అన్నాడు అన్వర్‌తో.

"సరే బాబాయ్."

చప్పుడు దూరమైపోయాక ఏం చెయ్యాలో తోచలేదు. కాళ్ళు వాటంతటవే సుమో దగ్గరకు పోయాయి. తలుపు తీసి సీటు మీద చెయ్యి వేశాడు. ఎలీసమ్మ రోజూలాగే మరిచిపోకుండా పెట్టిన అతని అన్నం క్యారేజీ చేతికి తగిలింది, ఇంకా వేడిగానే ఉంది.